బందరు బామ్మ గొంతు

(సంఘ స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో పావుగంట మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, “నువ్వు ఇంజనీరువి కదా, కొత్త టెక్నాలజీ మీద నాలుగు మాటలు చెప్పు” అన్నారు. టెక్నాలజీ గురించి మీ జేబులో ఉన్న ఫోను నాకంటే బాగా చెబుతుంది. అందుకని నేను ఒక నటి గురించి చెబుతానన్నాను. “సినిమా మనిషి గురించా?” అని కొంచెం అనుమానించారు. బందరు మనిషి గురించి అన్నాను. వెంటనే ఒప్పేసుకున్నారు. మన ఊరి పేరుకు ఆ బలం ఉంది.

ఆ నటి నిర్మలమ్మ గారు. 1920 జూలై 18న మచిలీపట్నంలో పుట్టారు. 2009 ఫిబ్రవరి 19న హైదరాబాదులో కన్నుమూశారు. ఎనభై ఎనిమిదేళ్ల జీవితంలో అరవై ఏళ్లకు పైగా నటనలోనే గడిచాయి. మొదట నాటకాలు, తర్వాత సినిమాలు. కథానాయిక కావాలని బయలుదేరి తల్లిగా, అత్తగా, చివరకు తెలుగువాళ్లందరికీ బామ్మగా స్థిరపడ్డారు. ఆమె ముఖం గుర్తు రానివాళ్లకు కూడా గొంతు వినిపిస్తే చాలు, పేరు చెప్పేస్తారు. నేను మాట్లాడదలచుకున్నది ఆ గొంతు గురించే.

నా వృత్తికీ దీనికీ సంబంధం లేకపోలేదు. యంత్రాల మోత విని వాటి జబ్బు చెప్పడం నా పని. పంపు బేరింగు అరిగితే ఒకలా మోగుతుంది, షాఫ్టు వంగితే ఒకలా మోగుతుంది. ముప్పై ఏళ్లుగా వినడమే నాకు అన్నం పెడుతోంది. అందుకే మనుషుల గొంతుల మీద కూడా కొంత ఆసక్తి.

ముందు ఆమె పుట్టిన నాటి బందరు ఎలాంటిదో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1902లో కృష్ణా పత్రిక ఇక్కడ మొదలైంది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. నిర్మలమ్మ గారికి మూడేళ్లు నిండిన 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకును ఇక్కడే స్థాపించారు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు ఇక్కడి హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పారు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యాలు కృష్ణా జిల్లాలో చదువు రానివాడి నోట కూడా ఆడేవి. పింగళి నాగేంద్రరావు గారు బందరు జాతీయ కళాశాలలో చదువుకుని, ఇక్కడి నాటక సమాజానికి నాటకాలు రాసి, ఆ తర్వాతే మద్రాసు వెళ్లి పాతాళ భైరవికీ మాయాబజారుకూ మాటలు రాశారు. అంటే సినిమా మాట పుట్టకముందు బందరులో నాటకం మాట పెరిగింది. ఇక్కడి జనానికి చెవి ఉంది. పద్యం ఎక్కడ విరవాలో, రాగం ఎంతసేపు తీయాలో, ఎక్కడ “వన్స్ మోర్” అనాలో వాళ్లకు తెలుసు. అలాంటి చెవుల మధ్య పుట్టిన పిల్లకు నాటకం మీద మనసు పోవడం ఆశ్చర్యమేమీ కాదు. ఆడపిల్ల అయి ఉండి ఆ మనసు చంపుకోకుండా రంగస్థలం ఎక్కడమే ఆశ్చర్యం.

ఎందుకంటే ఆ రోజుల్లో ఆడవేషం ఆడవాళ్లది కాదు. మన పక్కనున్న కూచిపూడిలో భామాకలాపంలో సత్యభామ మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జడ వేసుకుని తెర వెనక నుంచి వస్తుంటే ఆడవాళ్లే ఆ నడక చూసి నేర్చుకోవాలనిపించేది. బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చింతామణిగా జేజేలు అందుకున్నారు. మన గుడివాడ ప్రాంతపు అక్కినేని నాగేశ్వరరావు గారు కూడా నాటకాల్లో ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్నారు. నిమ్మకూరు రామారావు గారు కాలేజీలో నాగమ్మ వేషం కట్టి, మీసం తీయనని పట్టుబట్టి “మీసాల నాగమ్మ” అనిపించుకున్న కథ మనందరికీ తెలిసిందే.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. నేను ఉద్యోగరీత్యా రెండేళ్లు జపానులో ఉన్నాను. అక్కడ కబుకి అనే ప్రాచీన నాటకం ఉంది. దాన్ని మొదలుపెట్టినది ఒక స్త్రీ అని చెబుతారు. అయినా 1629లో అక్కడి ప్రభుత్వం ఆడవాళ్లు రంగస్థలం ఎక్కకూడదని నిషేధించింది. ఆ తర్వాత ఆడవేషాలన్నీ మగవాళ్లవే అయ్యాయి. ఈనాటికీ కబుకిలో అదే సంప్రదాయం. ఆ కళాకారుల గొప్పతనాన్ని నేను తక్కువ చేయను. స్థానం వారినీ, సత్యనారాయణ శర్మ గారినీ తక్కువ చేసేంత ధైర్యం కృష్ణా జిల్లాలో ఎవరికుంటుంది? కానీ ఒక్క ప్రశ్న మిగులుతుంది. ఆడదాని గొంతు ఎలా ఉంటుందో ఊహించి మగవాడు పలికినన్నాళ్లు, అసలు గొంతు ఎక్కడుంది? వంటింట్లో ఉంది, బావి దగ్గర ఉంది, చేలో నాట్లు వేస్తూ ఉంది. రంగస్థలం మీద మాత్రం లేదు.

ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లలో నిర్మలమ్మ గారు ఒకరు. ఒక చిన్న లెక్క చూడండి. ఘంటసాల బలరామయ్య గారు 1943లో గరుడ గర్వభంగం తీశారు. భానుమతి గారు నటించిన ఆ సినిమాలో బందరు అమ్మాయి నిర్మల ఒక చిన్న వేషంతో తెర మీదకు వచ్చింది. మరుసటి సంవత్సరం, 1944లో, అదే బలరామయ్య గారు సీతారామ జననంలో గుడివాడ ప్రాంతపు కుర్రవాడు నాగేశ్వరరావుకు రాముడి వేషం ఇచ్చారు. ఇద్దరిదీ ఒకే జిల్లా, ఇద్దరూ నాటకం నుంచి వచ్చినవాళ్లే, దర్శకుడూ ఒక్కడే, ఏడాది తేడా. నాటకంలో ఆడవేషాలు వేసిన అబ్బాయి సినిమాలో కథానాయకుడై దశాబ్దాల పాటు కథానాయకుడిగానే ఉన్నాడు. ఆడపిల్లగా ఆడవేషం వేసిన అమ్మాయికి కథానాయిక అవకాశం నిలవలేదు. ఆమె మళ్లీ నాటకం దగ్గరకే వెళ్లింది. కరువు రోజులు అనే నాటకంలో ఆమె నటన చూసి పృథ్వీరాజ్ కపూర్ అంతటివాడు మెచ్చుకున్నాడని ఆమె గురించి రాసినవాళ్లంతా చెబుతారు. భర్త జి.వి. కృష్ణారావు గారూ సినిమా రంగంలోనే ప్రొడక్షన్ మేనేజరు. ఇల్లూ వృత్తీ ఒకే బండికి కట్టిన రెండు ఎద్దుల్లా నడిచాయి.

తర్వాత సినిమా ఆమెను మళ్లీ పిలిచింది. ఈసారి తల్లి వేషానికి. అక్కినేని, రామారావు గార్లకు ఆమె తల్లిగా నటించారు. రామారావు గారు పుట్టింది 1923లో, నాగేశ్వరరావు గారు 1924లో. నిర్మలమ్మ గారి కంటే మూడు నాలుగేళ్లే చిన్న. అక్కయ్య కావలసిన మనిషి అమ్మ అయింది! తండ్రి వేషాల్లో గుమ్మడి గారిది ఇంకా విచిత్రం. ఆయన 1927లో పుట్టారు, నాగేశ్వరరావు గారి కంటే చిన్నవాడై ఉండి ఆయనకు తండ్రిగా నటించారు. కాకపోతే మగవాళ్లలో ఇది గుమ్మడి గారి ప్రత్యేకత. ఆడవాళ్లలో ఇది మామూలు. నలభై దాటిన నటుడు కాలేజీ కుర్రవాడు, నలభై దాటిన నటి అతని తల్లి. ఇప్పటికీ పెద్దగా మారిందని నేను అనుకోను.

ఇలాంటి చోట మనిషి రెండు రకాలుగా ఉండొచ్చు. నాకు అన్యాయం జరిగిందని మూల కూర్చోవచ్చు. లేదా ఆ ఇచ్చిన మూలనే ఇంటికి నడిమి గదిగా మార్చుకోవచ్చు. నిర్మలమ్మ గారు రెండోది చేశారు.

ఇక్కడ మీకు ఒక జపాను నటి గురించి చెప్పాలి. ఆమె పేరు కిరిన్ కికి. 1943లో, అంటే మన గరుడ గర్వభంగం వచ్చిన ఏడాది, తోక్యోలో పుట్టింది. 1961లో బుంగకుజా అనే ప్రసిద్ధ నాటక సంస్థలో చేరింది. 1974లో ఒక టెలివిజన్ ధారావాహికలో ఇంటి బామ్మ వేషం వేసింది. అప్పటికి ఆమెకు ముప్పై ఒక్క ఏళ్లు. అందులో తన కొడుకుగా నటించినవాడు ఆమె కంటే పెద్దవాడు. నేను అక్కడున్నప్పుడు నాతో పనిచేసిన జపాను ఇంజనీర్లు ఆమె పేరెత్తగానే, సొంత నాయనమ్మ గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఆమె తర్వాత 2008లో స్టిల్ వాకింగ్, 2015లో ఆన్ అనే సినిమాల్లో వృద్ధురాలిగా నటించింది. 2010లో అరియెట్టి అనే బొమ్మల చిత్రంలో కేవలం గొంతుతో ఒక పాత్ర పోషించింది. 2018లో ఆమె నటించిన షాప్‌లిఫ్టర్స్‌కు కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆమె చనిపోయింది. నాటకం, తెర, గొంతు, మూడింటిలోనూ పండిన మనిషి.

ఆన్ సినిమాలో ఆమె ఒక చిన్న దుకాణానికి వచ్చి, తీపి పూర్ణం ఎలా వండాలో నేర్పుతుంది. గింజలు ఉడుకుతున్నప్పుడు వాటి మాట వినాలంటుంది. భాష సరిగా రాకపోయినా నాకు ఆ ముసలావిడ మాట అర్థమైంది. ఎందుకో ఆలోచిస్తే తేలిందేమిటంటే, ఆ విసుగూ ఆ ప్రేమా కలిసిన గొంతు నేను అంతకు ముందే తెలుగులో విని ఉన్నాను. నిర్మలమ్మ గారి దగ్గర.

ఇప్పుడు కొంచెం నా శాస్త్రం చెప్పనివ్వండి. ఎక్కువసేపు చెప్పను, సైన్సు మాస్టారు ముందు వరసలో ఉన్నారు.

ఆరుబయట శబ్దం దూరం పెరిగే కొద్దీ వేగంగా సన్నగిల్లుతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు అవుతుంది. మీటరు దూరంలో ఉన్నవాడికి అందే తీవ్రతలో ఇరవై మీటర్ల దూరంలో ఉన్నవాడికి అందేది 400వ వంతు. మైకులు లేని రోజుల్లో, పెట్రోమాక్స్ దీపాల వెలుగులో, పిల్లల ఏడుపుల మధ్య చివరి చాప మీద కూర్చున్న మనిషికి మాట చేరాలి. దానికి అరిస్తే చాలదు. అరుపులో పెరిగేది అచ్చుల బలం. మాటకు అర్థం ఇచ్చేవి హల్లులు. “పాలు”, “కాలు”, “నాలు” అన్న మూడు మాటల్లో చివరంతా ఒకటే; తేడా మొదటి హల్లులో, అదీ రెప్పపాటు కాలంలో వచ్చిపోతుంది. అది తెగిపోతే చివరి చాప వాడికి మిగిలేది “ఆలు” మాత్రమే. అందుకే నాటకం వాళ్లు హల్లును పళ్లతో పట్టుకుని విడిచేవారు. మనిషి చెవికి బాగా వినిపించేది రెండు వేల నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య ధ్వని. కొంచెం ముక్కుతో కలిసిన, కొంచెం గరుకైన గొంతు ఆ మేరలో బాగా పలుకుతుంది. వీణలాంటి మెత్తని గొంతు కంటే అలాంటి గొంతు దూరం పోతుంది. మన ఇళ్లలో వీధి చివర ఆడుకుంటున్న పిల్లాణ్ణి అన్నానికి పిలిచే నాయనమ్మ గొంతు అదే.

సినిమాకు వచ్చేసరికి పరిస్థితి తలకిందులైంది. మైకు మూతి దగ్గరకు వచ్చింది. నాటకం నుంచి వచ్చినవాళ్లు చాలామంది అక్కడ కూడా చివరి చాప కోసమే పలికి, తెర మీద గట్టిగా అరిచినట్టు కనిపించారు. నిర్మలమ్మ గారు గట్టితనం వదిలేసి స్పష్టత మాత్రం ఉంచుకున్నారు. గొణిగినట్టే ఉంటుంది, ఒక్క అక్షరం జారదు. తిట్టు మొదలుపెట్టి మధ్యలో ఊపిరి తీసుకుని, ఆ ఊపిరిలోనే కోపం పోయి జాలి వచ్చేస్తుంది. వాక్యం చివర మాట మింగేస్తుంది, ఆ మింగిన మాట ఏమిటో మనకు తెలిసిపోతుంది. ఇది ఏ బడిలోనూ నేర్పరు. మన కృష్ణా తీరపు ఇళ్లలో, అరుగుల మీద, వడ్లు చెరిగే చోట విని నేర్చుకోవలసిందే.

ఆమె సినిమాలు వందల్లో ఉన్నాయి. అన్నీ గొప్పవని చెప్పను. చాలావాటిలో ఆమెకు రెండు సీన్లు, నాలుగు డైలాగులు. కొన్ని మాత్రం గుర్తు చేస్తాను. 1978లో పదహారేళ్ల వయసు. శ్రీదేవికి తల్లి. పల్లెటూళ్లో ఒంటరిగా ఆడపిల్లను పెంచుకునే తల్లికి ఉండే గయ్యాళితనం వెనక ఎంత భయం ఉంటుందో ఆ గొంతులో వినొచ్చు. 1985లో మయూరి. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తానే నటించిన సినిమా. ఆ కృత్రిమ కాలు గురించి మాలాంటి ఇంజనీర్లు ఎంతైనా చెప్పగలం. రబ్బరుతో, చెక్కతో, తక్కువ ఖర్చుతో, కింద కూర్చోవడానికీ పొలంలో నడవడానికీ వీలుగా చేసిన మంచి సాధనం. కానీ సాధనం కాలు మాత్రమే ఇస్తుంది. లేచి నిలబడమని చెప్పడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. ఆ సినిమాలో బామ్మ నిర్మలమ్మ గారు. ఆ వేషానికి నంది బహుమతి వచ్చింది. 1986లో స్వాతిముత్యం. మన దేశం తరఫున ఆస్కార్ పోటీకి పంపిన సినిమా. అమాయకుడైన శివయ్యకు లోకంలో ఉన్న ఒకే దిక్కు బామ్మ. తాను పోతే వీడేమవుతాడన్న దిగులు ఆమె ప్రతి మాట కింద సన్నగా మోగుతూ ఉంటుంది. 1991లో గ్యాంగ్ లీడర్. అదే గొంతు, ఈసారి మనవళ్లతో సమానంగా అల్లరి చేసే నాయనమ్మది.

1999లో సీతారామరాజు. అందులో కథానాయకులు నాగార్జున, హరికృష్ణ. ఒకరు నాగేశ్వరరావు గారి కొడుకు, ఇంకొకరు రామారావు గారి కొడుకు. తండ్రులకు తల్లిగా నటించిన మనిషి ఆ కొడుకులిద్దరూ కలిసి చేసిన సినిమాలోనూ ఉన్నారు. దానికీ ఆమెకు నంది వచ్చింది. అప్పటికి ఆమె వయసు డెబ్బై తొమ్మిది. గుడివాడ, నిమ్మకూరు ఇళ్ల రెండు తరాల పక్కన బందరు గొంతు ఒక్కటే నిలబడింది.

గొంతుతో బతికిన మిగతావాళ్లను కూడా ఇక్కడ తలుచుకోవాలి. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైన తర్వాత మన ప్రాంతంలో సాయంత్రాలు మారిపోయాయి. నండూరి సుబ్బారావు గారు వరవిక్రయంలో సింగరాజు లింగరాజుగా పలికితే, ఆ పిసినిగొట్టు ముఖం ఎలా ఉంటుందో ప్రతి ఇంట్లో ఒకలా ఊహించుకున్నారు. హైదరాబాదు కేంద్రంలో శారదా శ్రీనివాసన్ గారు ముఖం చూపించకుండానే రాష్ట్రమంతటికీ తెలిసిన నటి అయ్యారు. సినిమాలో శివాజీ గణేశన్‌కు తెలుగు గొంతు జగ్గయ్య గారిది. భక్త ప్రహ్లాదలో ప్రహ్లాదుడిగా నటించిన చిన్నారి రోజారమణి పెద్దయ్యాక ఎందరో కథానాయికలకు గొంతు ఇచ్చారు. సరిత గారు తాను నటిగా గొప్ప పేరున్నా, తోటి నాయికలకు డబ్బింగ్ చెప్పారు. మన తెర మీద ఒక పాత్రకు ముఖం ఒకరిది, మాట ఒకరిది, పాట మూడోవారిది. జపానులో గొంతు నటన ఒక పూర్తి వృత్తి. ఆ నటుల పేర్లు అక్కడి పిల్లలకు కంఠతా వచ్చు. మన దగ్గర గొంతు ఇచ్చినవారి పేరు చాలాకాలం తెర మీద కూడా పడలేదు. నిర్మలమ్మ గారి అదృష్టం ఏమిటంటే ముఖమూ గొంతూ రెండూ ఆమెవే. కానీ అలా కాని వందల మంది గొంతులు పేరు లేకుండా మన చెవుల్లో ఉన్నాయి.

ఇదంతా మన బడి స్వర్ణోత్సవంలో ఎందుకు చెబుతున్నానంటే, గొంతు పోతే మళ్లీ రాదు. ఫొటో ఉంటుంది, ఉత్తరం ఉంటుంది, ఇల్లు ఉంటుంది. గొంతు మనిషితో పోతుంది.

మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను ఐదో తరగతి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయిన ఆ రాత్రిని మన తరం మరిచిపోదు. పది వేల మంది దాకా పోయారు. రామారావు, నాగేశ్వరరావు గార్లు జోలె పట్టి వీధుల్లో తిరిగి విరాళాలు తెచ్చారు. మా అమ్మమ్మ చీర చెంగుతో తాడిచెట్టుకు కట్టుకుని తెల్లవార్లూ ఉంది. ఆ తర్వాత ప్రతి కార్తీకంలోనూ మాకు ఆ రాత్రి కథ చెప్పేది. నీళ్లు వచ్చిన చప్పుడును ఆమె నోటితో చేసి వినిపించేది. రైలు వచ్చినట్టూ కాదు, ఉరుము ఉరిమినట్టూ కాదు, మధ్యలో ఏదో. ఇన్నేళ్లు శబ్దాలతో పనిచేశాను, ఆ చప్పుడును మాత్రం నేను మళ్లీ చేయలేను. మా ఇంట్లో అప్పుడు టేప్ రికార్డర్ లేదు. ఇప్పుడు కథ మా దగ్గర ఉంది, చప్పుడు లేదు.

ఈ సభలో ఉన్నవాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఇంకా ఆ రాత్రిని చూసిన మనిషి ఉన్నారు? ఉప్పెన నాటికి ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటి డెబ్బై వైపు. ఇంకో పదిహేనేళ్లు పోతే ఆ మాట నేరుగా వినే అవకాశం దాదాపు ఉండదు. అలాగే కలంకారి అద్దకం వాళ్ల మాటలు, గిలకలదిండి రేవులో వల సర్దుకుంటూ అనుకునే మాటలు, గుడివాడ వైపు ఊడ్పు పాటలు, అప్పడాలు ఒత్తుతూ ఆడవాళ్లు చెప్పుకునే సామెతలు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ సావనీరు కోసం పాత ఫొటోలు వెతుకుతుంటే మన బడి వార్షికోత్సవ నాటకాలవి చాలా దొరికాయి. పాండవోద్యోగంలో ద్రౌపదిగా నిలబడినవారు ఇటీవల రిటైరైన బ్యాంకు అధికారి గారు. ఆయన ఇక్కడే ఉన్నారు, ముఖం దాచుకోనక్కరలేదు, చాలా బాగున్నారు. కానీ ఆ ఫొటోల్లో ఒక్క ఆడపిల్ల కూడా లేదు. మా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పద్యం ఆమె చదివినట్టు మాలో ఎవరూ చదివేవారు కాదు. తెలుగు మాస్టారు కూడా ఆమె చదువుతుంటే సుద్దముక్క కింద పెట్టి వినేవారు. ఆ ఏడు నాటకంలో ఆమెకు వేషం ఇవ్వాలని ఆయన ఇంటికి వెళ్లి అడిగారు. ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ వేషం ఒక మగపిల్లాడే వేశాడు. ఇప్పుడు ఆమె అమెరికాలో ఉన్న మనవలకు రాత్రిపూట ఫోనులో పోతన పద్యాలు చెబుతుంది. ఆ పిల్లల అదృష్టం బాగుంది. మన బడి మాత్రం ఆమె పద్యాన్ని ఒక్కసారి కూడా వేదిక మీద వినలేదు.

నిర్మలమ్మ గారు మనకంటే యాభై ఏళ్ల ముందు ఆ గడప దాటారు. ఆమె ఒక్కతే దాటితే చాలదు కదా.

అందుకని సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాను. మొదటిది: డిజిటల్ తరగతి గది కోసం మనం నిధి సేకరిస్తున్నాం, తప్పకుండా కట్టాలి, నా వంతు నేనిస్తాను. కానీ బడి వెనకాల పెచ్చులూడిన పాత వేదిక మరమ్మతుకు అందులో ఎంతో అక్కరలేదు. దాన్ని బాగు చేసి ప్రతి ఏడాదీ పిల్లల చేత ఒక తెలుగు నాటకం ఆడిద్దాం. ఆడపిల్లలకు వేషాలు ఇద్దాం. ఆడవేషమే అని కాదు, దుర్యోధనుడు కావాలన్న అమ్మాయికి గద ఇద్దాం. రిహార్సల్లో మైకు ఇవ్వవద్దు. చివరి వరసకు వినిపించేలా పలకడం ఒకసారి నేర్చుకున్న పిల్ల ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూలోనూ, ఏ పంచాయతీ సమావేశంలోనూ గొంతు తగ్గించుకోదు.

రెండోది: ఇప్పుడు ప్రతి జేబులోనూ రికార్డర్ ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఒక్కొక్కరు తమ ఇంట్లోనో వీధిలోనో ఒక పెద్దావిడ చేత అరగంట మాట్లాడించి రికార్డు చేయాలి. ఫ్యాను ఆపాలి, టీవీ ఆపాలి, ఫోను ఆమెకు జానెడు దూరంలో పెట్టాలి. మొదట ఆమె పేరు, ఊరు, తేదీ పిల్లలే చెప్పాలి. ఆ తర్వాత పిల్లలు మాట్లాడకూడదు, వినాలి. ప్రతి రికార్డూ రెండు చోట్ల దాచాలి. దీనికి కావలసిన సాంకేతిక పని నాదీ, నా తోటి ఇంజనీర్లదీ. ఇవాళే ఒప్పుకుంటున్నాను.

మూడోది: ఈ వేదిక మీద యాభై ఏళ్లలో నటించినవాళ్ల, పాడినవాళ్ల, తెర వెనక నుంచి పద్యం అందించినవాళ్ల పేర్లు ఒక పుస్తకంలో రాద్దాం. తెర వెనక గొంతుకు కూడా పేరుండాలి.

గురువులకు ఒక్క మాట. మీరు మాకు లెక్కలు నేర్పారు, సైన్సు నేర్పారు. ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ కూర్చుంటే ఏ సూత్రం ఎవరు చెప్పారో గుర్తు రావడం లేదు. కానీ మీలో ప్రతి ఒక్కరి గొంతూ గుర్తుంది. హాజరు పిలిచిన తీరు గుర్తుంది. వెనక బెంచీ వరకు అందేలా, మైకు లేకుండా, రోజుకు ఆరు పీరియడ్లు, ముప్పై ఏళ్లు మాట్లాడారు. నంది బహుమతులు మీకెవరూ ఇవ్వలేదు. భోజనాల తర్వాత పాత పదో తరగతి గదిలో ఫోనూ బల్లా సిద్ధంగా పెట్టాము. మొదటి రికార్డు మీదే కావాలని మా కోరిక. దయచేసి ఒక్కొక్కరు పది నిమిషాలు కూర్చోండి. పాఠం చెప్పినా సరే, మమ్మల్ని తిట్టినా సరే.